ముందు తుప్పు, తర్వాత బ్రేకులు, ఆఖర్న ఇంజన్: 1965-66 మస్టాంగ్ బాగుచేసుకునే పద్ధతి

పాత అమెరికన్ కారు ఒకటి కొని బాగుచేసుకోవాలని ఉంది, ఏది తీసుకోమంటావు అని ఎవరడిగినా నేను చెప్పేది 1965, 1966 ఫోర్డ్ మస్టాంగ్ గురించే. అందం ఒక్కటే కారణం కాదు. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో ఈ కారును బయటపెట్టినప్పుడు దాని మొదలు ధర 2,368 డాలర్లు. మామూలు ఉద్యోగస్థులను దృష్టిలో పెట్టుకుని చేసిన కారు. అడుగున ఉన్న సామాను చాలావరకు ఫాల్కన్ అనే చవక కారుది. మొదటి రెండు మోడల్ సంవత్సరాల్లోనే 12 లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకే ఈ రోజుకీ డోర్ హ్యాండిల్ స్క్రూ దగ్గర్నుంచి మొత్తం బాడీ షెల్ దాకా కొత్తగా చేసి అమ్ముతున్నారు. సామాను దొరకదేమో అన్న టెన్షన్ లేదు కాబట్టి, పని నేర్చుకోవడానికి దీన్ని మించిన కారు నాకు తెలిసి లేదు.

నేనుండేది డెట్రాయిట్ పక్కన నోవైలో. ఈ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లు చాలామందిలాగే నాదీ కార్ల రంగంలో ఉద్యోగమే. పగలంతా స్క్రీన్ ముందు పని, సాయంత్రమైతే గరాజ్‌లో తెల్ల రంగు 1966 హార్డ్‌టాప్, అంటే గట్టి పైకప్పున్న మస్టాంగ్. కింద రాసినదంతా ఆ కారు మీద పనిచేస్తూ తెలుసుకున్నదీ, మా వీధి చివర ఉండే రిటైరైన టూల్ అండ్ డై మేకర్ (ఫ్యాక్టరీల్లో వాడే అచ్చులు చేసే నిపుణుడు) ఒకాయన దగ్గరుండి నేర్పినదీ.

నేను పట్టుబట్టేది పని వరుస గురించి. కారు ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో ముందు తెలుసుకోవాలి. తర్వాత తుప్పు, ఆ తర్వాత బ్రేకులు. పవర్ పెంచడం, రంగు వేయడం అన్నిటికన్నా చివర. చాలామంది ఈ వరుసను తిరగేసి, మెరిసే ఇంజన్ ముందు కొనేసి, కింద రేకు కుళ్లిపోయిందని ఆలస్యంగా తెలుసుకుంటారు. సగంలో ఆగిపోయి అమ్మకానికొచ్చే కార్లలో ఎక్కువ ఇలాంటివే.

నంబర్లు చదవడం

బానెట్ ఎత్తి డ్రైవర్ వైపు ఏప్రన్ రేకు, అంటే ఇంజన్ పక్కన చక్రం మీదుగా ఉండే లోపలి రేకు, చూడండి. అమెరికాలో డ్రైవర్ వైపు అంటే ఎడమ వైపు. ఫెండర్ (చక్రం పైనుండే బయటి రేకు) అంచుకు ఒకచోట చిన్న గాడి కోసి ఉంటుంది, ఆ గాడిలోంచి కనిపించేలా విన్ నంబర్, అంటే కారు గుర్తింపు నంబరు, ఏప్రన్ రేకు మీద గుద్ది ఉంటుంది. మొత్తం 11 స్థానాలు. "6 ఎఫ్ 07 సి" అని మొదలైందనుకోండి. 6 అంటే 1966 మోడల్. ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ. అక్కడ ఆర్ ఉంటే కాలిఫోర్నియాలోని శాన్ హోసే, టి ఉంటే న్యూజెర్సీలోని మెటచెన్. 07 హార్డ్‌టాప్, 08 కన్వర్టిబుల్ (పైకప్పు మడిచేది), 09 ఫాస్ట్‌బ్యాక్ (పైకప్పు వెనక దాకా వాలుగా దిగేది). చివరి ఆరు అంకెలు వరుస నంబరు, అది 100001 నుంచి మొదలవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఐదో స్థానం, ఇంజన్‌ది. టి అంటే 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్లు. సి అంటే 289 క్యూబిక్ అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్లది), రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్, 200 హార్స్‌పవర్. ఎ అంటే నాలుగు బ్యారెళ్లది, 225. కె అంటే 271 హార్స్‌పవర్ స్పెషల్ ఇంజన్, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. 1964లో తొలి నెలల్లో వచ్చిన కార్లలో యు, ఎఫ్, డి అనే కోడ్‌లు కూడా కనిపిస్తాయి. ఆ తొలి కార్లను అందరూ 1964½ అంటారు గానీ, విన్ మీద అవన్నీ 5తోనే మొదలవుతాయి. ఆల్టర్నేటర్ బదులు జనరేటర్ ఉండటం వాటి గుర్తుల్లో ఒకటి.

డ్రైవర్ డోర్ వెనక అంచుకు రివెట్లతో బిగించిన రేకు పట్టీ ఇంకొకటి ఉంటుంది. బాడీ, రంగు, సీట్ల బట్ట, తయారీ తేదీ, యాక్సిల్, గేర్‌బాక్స్ కోడ్‌లన్నీ దాని మీదే. రంగు దగ్గర ఎం ఉంటే వింబుల్డన్ వైట్, 1966లో టి ఉంటే క్యాండీ యాపిల్ రెడ్. తేదీలో "16 సి" అంటే మార్చి 16. ఎ జనవరి, బి ఫిబ్రవరి, అలా వెళ్తుంది, ఐ అక్షరాన్ని మాత్రం వదిలేసి సెప్టెంబర్‌కి జె వాడారు. గేర్‌బాక్స్ కోడ్ 1 అయితే మూడు గేర్ల మాన్యువల్, 5 అయితే నాలుగు గేర్లు, 6 అయితే సీ4 ఆటోమేటిక్. ఈ పట్టీని చదవండి గానీ, దీని ఒక్కదాన్నే నమ్మకండి. ఎలా కావాలంటే అలా కొత్త పట్టీ కొట్టించి ఇచ్చేవాళ్లు ఉన్నారు. రివెట్లు కొత్తగా మెరుస్తుంటే, పట్టీ మీది రంగు కోడ్‌కీ డాష్‌బోర్డ్ వెనక, సీట్ల కింద దాక్కున్న పాత రంగుకీ పొంతన లేకపోతే, ఇంకా లోతుగా చూడాల్సిందే.

దూరం నుంచే తెలిసే గుర్తు ఒకటుంది. చక్రానికి నట్లు లెక్కపెట్టండి. ఆరు సిలిండర్ల కారుకు నాలుగు, వీ8కి ఐదు. బానెట్ కింద వీ8 ఉండి చక్రానికి నాలుగే నట్లు ఉన్నాయంటే, ఎవరో ఇంజన్ మాత్రం మార్చి మిగతాది వదిలేశారన్నమాట. ఆరు సిలిండర్ల కారుకు వెనక యాక్సిల్ చిన్నది, ముందు బ్రేకులు, స్టీరింగ్ సామాను కూడా తేలిక రకం. అలాంటి కారుకు వీ8 ధర అస్సలు ఇవ్వొద్దు.

1965నీ 1966నీ ముందు జాలీ చూసి పోల్చుకోవచ్చు. 1965లో గుర్రం బొమ్మ చుట్టూ ఉన్న చట్రానికి నాలుగు వైపులా కడ్డీలు ఉంటాయి. 1966లో జీటీ (ఫ్యాక్టరీ స్పోర్ట్స్ ప్యాకేజీ) కానివాటికి ఆ కడ్డీలు తీసేశారు, గుర్రం గాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. లోపల చూస్తే 1965 మామూలు కార్లలో ఫాల్కన్ నుంచి వచ్చిన అడ్డం మీటరు, 1966లో అన్నిట్లో ఐదు గుండ్రటి మీటర్లు.

ఇక జీటీ సంగతి. డల్లాస్‌లో ఉండే ఒక తమ్ముడు ఆ మధ్య ఫొటోలు పంపి ఫోన్ చేశాడు.

"అన్నా, ఎర్ర జీటీ దొరికింది. రేపే అడ్వాన్స్ ఇచ్చేస్తున్నా."

"ఆగు తమ్ముడూ. విన్‌లో ఐదో అక్షరం ఏంటో చూసి చెప్పు."

"సి అన్నా."

"అయితే అది ఫ్యాక్టరీ జీటీ కాదు."

1965 ఏప్రిల్‌లో మొదలైన జీటీ ప్యాకేజీని ఎ, కె ఇంజన్లతోనే ఇచ్చారు. ఫాగ్ లైట్లు, పక్క చారలు, వెనక బంపర్ కింద బయటికొచ్చే జంట సైలెన్సర్ గొట్టాలు ఎవరైనా కొని బిగించుకోవచ్చు, ఆ రోజుల్లో డీలర్లే అమ్మేవారు. ఐదో అక్షరం ఎ అయినంత మాత్రాన జీటీ అని కూడా కాదు, ఎందుకంటే జీటీ అన్న మాట విన్‌లో ఎక్కడా ఉండదు. కారు కిందికి దూరి వెనక ఫ్రేమ్ రెయిల్స్ చూడాలి. సైలెన్సర్ గొట్టాల హ్యాంగర్లను మోయడానికి ఫ్యాక్టరీలో వెల్డ్ చేసిన అదనపు పట్టీలు అక్కడ ఉండాలి. 1967 నుంచి వచ్చిన కార్లకు ఫోర్డ్ రికార్డుల ఆధారంగా, కారు ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో చెప్పే మార్టీ రిపోర్ట్ తెప్పించుకోవచ్చు. 1965, 66 కార్లకు ఆ సదుపాయం లేదు కాబట్టి మన కళ్లే ఆధారం. ఆ తమ్ముడు చివరికి అదే కారును మామూలు సి కోడ్ ధరకు బేరమాడి తీసుకున్నాడు. కారు మంచిదే.

"నంబర్స్ మ్యాచింగ్" (కారుతో వచ్చిన ఇంజనే ఇంకా ఉందని) అని ప్రకటనలో రాస్తే కూడా ఇలాగే నిలదీయండి. ఈ సంవత్సరాల్లో ఇంజన్ బ్లాక్ మీద కారు నంబరు గుద్దింది కె కోడ్‌కే. మిగతావాటికి బ్లాక్ మీద పోతపోసిన తేదీ చూసి అంచనా వేసుకోవడమే. "5 సి 16" అని ఉంటే 1965 మార్చి 16న పోసిన బ్లాక్. అది కారు తయారీ తేదీ కన్నా కొద్ది వారాలు ముందుంటే నమ్మొచ్చు. కారు తర్వాత పుట్టిన బ్లాక్ అయితే ఇంజన్ మారినట్టే.

టైటిల్ కాగితం (కారు ఎవరిదో చెప్పే పత్రం) మీది నంబరూ ఏప్రన్ మీది నంబరూ అక్షరం అక్షరం కలవాలి. తుప్పు పట్టిన ఏప్రన్‌ను మార్చేటప్పుడు నంబరున్న ముక్కను కోసి ఇంకోచోట అతికించే పని ఎవరు చెప్పినా చేయకండి. విన్ మార్చడం, తీసేయడం అమెరికా చట్టం ప్రకారం నేరం. నంబరున్న భాగాన్ని కదపకుండా చుట్టూ రేకు వేసుకోవచ్చు.

తుప్పు

ఈ కారు ప్రాణం విండ్‌షీల్డ్ కింద ఉంటుంది. అద్దానికీ బానెట్‌కీ మధ్య సన్నని చీలికలున్న రేకు కనిపిస్తుందే, అదే కౌల్. గాలి దాంట్లోంచి లోపలికి పోతుంది, వాన నీళ్లు రెండు చివర్లకూ పారి ఫెండర్ల వెనక నుంచి కిందికి దిగుతాయి. ఈ పెట్టె లోపల గాలి కోసం రెండు కన్నాలున్నాయి, వాటి చుట్టూ నిలువుగా లేచిన రేకు కట్టలున్నాయి. ఏళ్లతరబడి ఎండుటాకులు, మట్టి ఆ కట్టల మొదట్లో పేరుకుని తడిగా ఉండిపోతాయి. అక్కడ తుప్పు పడితే పై నుంచి ఏమీ కనిపించదు. నీళ్లు మాత్రం కార్పెట్ కిందికి చేరి నేల రేకును తినేస్తాయి.

కొనేముందు ఈ పరీక్ష చేయాల్సిందే. ఒకరు టార్చ్‌తో డాష్‌బోర్డ్ కింద తల పెట్టి పడుకోవాలి, ఇంకొకరు సన్నటి ధారగా కౌల్ మీద నీళ్లు పోయాలి. ముందు డ్రైవర్ వైపు, తర్వాత రెండో వైపు. తొందరపడకుండా కొన్ని నిమిషాలు పోయండి. లోపల ఒక్క చుక్క పడ్డా కౌల్ పోయినట్టే. ప్రయాణికుడి వైపు తడి కనిపిస్తే ఆ తడిని వేళ్లతో రుద్ది వాసన చూడండి. జిడ్డుగా, తియ్యటి వాసన వస్తే అది హీటర్ నుంచి కారుతున్న కూలెంట్, దాని ఖర్చు చాలా తక్కువ. మామూలు నీళ్లయితే కౌల్. అమ్మేవాడు నీళ్లు పోయనివ్వకపోతే ఆ కారు వదిలేయండి.

కౌల్‌కి అతికించే ప్లాస్టిక్ టోపీలు దొరుకుతాయి. అవి కొంతకాలం నీటిని ఆపుతాయి, తుప్పును ఆపవు. అసలు పని ఏమిటంటే ఫెండర్లు, బానెట్ తీసి, పై రేకును పట్టుకున్న స్పాట్ వెల్డులు ఒక్కొక్కటీ డ్రిల్ చేసి విప్పడం. స్పాట్ వెల్డ్ బిట్ వాడండి. మధ్యలో పంచ్‌తో ఒక గుంట కొట్టి, పై రేకు వరకే కోసి ఆపాలి. కింది రేకుకు కన్నం పడకూడదు. వెల్డు తెగిందన్న సంగతి చేతికి తెలుస్తుంది. అప్పటిదాకా గరగరలాడుతూ దిగిన బిట్ ఒక్కసారిగా తేలికవుతుంది, తొలిచిన పొడితో పాటు గుండ్రటి చిన్న బిళ్ల పైకి వస్తుంది. పై రేకును ఉలితో మెల్లగా లేపితే, అరవై ఏళ్ల కిందటి ఆకులు మట్టిలా మారి అడుగున కనిపిస్తాయి. కుళ్లినదంతా కోసేసి కొత్త రేకు వేసి, మూసేముందు లోపలంతా ఎపాక్సీ ప్రైమర్, అతుకులకు సీమ్ సీలర్ పట్టించాలి. మూసిన తర్వాత మళ్లీ అదే నీళ్ల పరీక్ష.

కౌల్ బాగుంటే మిగతా చోట్లు చూడండి. నేల రేకులు, వాటి ముందు మూలలు, అక్కడ టార్క్ బాక్సులు (బలం కోసం వెల్డ్ చేసిన రేకు పెట్టెలు) ఉంటే అవి, బ్యాటరీ కింది ఏప్రన్, వెనక చక్రాల తర్వాత వచ్చే కింది మూలలు. ఈ కారులో పెట్రోల్ ట్యాంకు పై భాగమే డిక్కీ నేల, కాబట్టి ట్యాంకు చుట్టూ అంచులు కూడా. బయటి రేకు మీద పుట్టీ ఎంత మందంగా మెత్తారో తెలియాలంటే, చిన్న అయస్కాంతానికి బట్ట చుట్టి కింది అంచుల వెంట నడిపించండి. పట్టు వదిలేసిన చోటల్లా రేకు బదులు పుట్టీ ఉంది.

మిషిగన్, ఒహాయో లాంటి చోట్ల చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇక్కడ తిరిగిన కారు పైకి ఎంత బాగున్నా కింద తినేసి ఉంటుంది. రవాణా ఖర్చు పెట్టుకునైనా అరిజోనా నుంచో పశ్చిమ టెక్సస్ నుంచో తెచ్చుకోమని నా సలహా. ఎండకు సీట్లు, డాష్‌బోర్డ్ పగిలి ఉంటాయి, అవి కొత్తవి దొరుకుతాయి. కన్వర్టిబుల్ అయితే ఇంకో జాగ్రత్త ఉంది. పైకప్పు లేదు కాబట్టి బలమంతా అడుగునే. నేల రేకు కోసేముందు రెండు డోర్ల ఖాళీల్లోనూ ఇనప పైపులు అడ్డంగా వెల్డ్ చేసి బిగించకపోతే బాడీ మధ్యలో కుంగిపోతుంది, ఆ తర్వాత డోర్లు మూసుకోవు.

పాత రంగులోనూ, ఫ్యాక్టరీ అతుకుల్లోనూ సీసం ఉంటుంది. గ్రైండర్ పట్టేటప్పుడు మామూలు గుడ్డ మాస్క్ చాలదు, ఫిల్టర్లున్న రెస్పిరేటర్ పెట్టుకోండి. ఆ బట్టలతో ఇంట్లోకి వెళ్లి పిల్లల్ని ఎత్తుకోకండి.

బ్రేకులు

1966 దాకా మస్టాంగ్‌కి మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు తోసే భాగం) ఒకటే గది. నాలుగు చక్రాలకూ ఒకే ఆయిల్. ఎక్కడో ఒక గొట్టం పగిలితే పెడల్ నేలకు తగులుతుంది, నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1967 నుంచి ముందు చక్రాలకు వేరు, వెనక చక్రాలకు వేరుగా రెండు గదులు వచ్చాయి. "ఒరిజినల్‌గానే ఉంచాలి" అని పట్టుదల ఉన్నవాళ్లతో నేను అన్ని విషయాల్లో ఏకీభవిస్తాను గానీ ఈ ఒక్క విషయంలో ఒప్పుకోను. డ్రమ్ బ్రేకులే ఉంచుకున్నా సరే, రెండు గదుల సిలిండర్ బిగించండి. పాతదాన్ని డబ్బాలో దాచుకోండి. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేస్తే డిస్కులకు తగిన సిలిండరే తీసుకోవాలి. డ్రమ్ముల సిలిండర్ లోపల కొద్దిపాటి ప్రెషర్ పట్టి ఉంచే వాల్వ్ ఉంటుంది, దానివల్ల డిస్క్ ప్యాడ్లు ఎప్పుడూ రుద్దుకుంటూ వేడెక్కుతాయి. వెనక చక్రాలు ముందే లాక్ కాకుండా, వెనక్కి వెళ్లే ప్రెషర్ తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వ్ కూడా కావాలి.

రబ్బరు గొట్టాలు మూడూ కొత్తవి వేయండి, పాతవి ఎంత బాగున్నట్టు కనిపించినా. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి డ్రమ్ము విప్పినప్పుడు ఆ దుమ్మును గాలితో ఊదకండి, తడిపి తుడిచి కవర్లో కట్టి పారేయండి. ముందు చక్రాల స్ప్రింగులు విప్పాల్సి వస్తే ఆ పనికి తగిన స్ప్రింగ్ కంప్రెసర్ అద్దెకు తెచ్చుకోండి. అణిగి ఉన్న స్ప్రింగ్ జారితే ప్రాణం తీస్తుంది.

ఇంకో మాట, ఈ కారు నట్లన్నీ అంగుళాల కొలతవి. ఇండియా నుంచి తెచ్చుకున్న మిల్లీమీటర్ స్పానర్లు సరిగ్గా కూర్చోవు, నట్టు తలలు గుండ్రంగా అరిగిపోతాయి.

ఇంజన్

చాలా ఏళ్లుగా కదలని ఇంజన్‌ను తాళం తిప్పి స్టార్ట్ చేయాలని చూడకండి. స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఆయిల్ పోసి రాత్రంతా వదిలేసి, మర్నాడు క్రాంక్ బోల్టుకు స్పానర్ పెట్టి చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరిగాకే మిగతా పని. ట్యాంకులో పాత పెట్రోల్ ఖాళీ చేసి, కార్బ్యురేటర్ విప్పి కడగండి. 289లో ఒకటి నుంచి నాలుగు సిలిండర్లు ప్రయాణికుడి వైపు, ఐదు నుంచి ఎనిమిది డ్రైవర్ వైపు, రెండు వైపులా ముందు నుంచి లెక్క. ప్లగ్ వైర్ల వరుస 1-5-4-2-6-3-7-8. షెవర్లే ఇంజన్ మీద నేర్చుకున్న మెకానిక్కులు ఈ లెక్క దగ్గరే తికమకపడతారు.

ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు గొట్టాలను అది మెత్తబరిచి పగలగొడుతుంది. ఇథనాల్‌ను తట్టుకునేవి వేయండి. ఆయిల్ కొనేటప్పుడు పాత ఇంజన్ల కోసం జింక్ ఎక్కువ కలిపినది అడగండి. ఈ ఇంజన్‌లో క్యామ్ మీద ట్యాపెట్లు నేరుగా రాసుకుంటాయి, జింక్ తక్కువైతే క్యామ్ అరిగిపోతుంది. ఎప్పుడైనా హెడ్లు విప్పితే ఎగ్జాస్ట్ వైపు గట్టి వాల్వ్ సీట్లు వేయించేయండి. సీసం కలిపిన పెట్రోల్ ఉన్న రోజుల్లో చేసిన ఇంజన్ ఇది.

మార్పులు

మళ్లీ వెనక్కి తీసుకోగలిగే మార్పులే చేయండి. తీసిన ప్రతి పార్టునూ చీటీ కట్టి దాచండి. కె కోడ్ కారు, ఫ్యాక్టరీ జీటీ అయితే అసలు చేయి పెట్టకుండా ఉంచడమే మేలు. మామూలు సి కోడ్, టి కోడ్ హార్డ్‌టాప్‌లు కావలసినన్ని ఉన్నాయి, వాటి మీద స్వేచ్ఛగా పనిచేసుకోవచ్చు.

నాకు అన్నిటికన్నా నచ్చిన మార్పుకు పార్టుల ఖర్చే లేదు. ముందు సస్పెన్షన్ పై ఆర్మ్ బోల్టుల కన్నాలను ఒక అంగుళం కిందికి మార్చడం. ఫోర్డ్ ఇంజనీర్ క్లాస్ ఆర్నింగ్ ఆలోచన ఇది, మస్టాంగ్‌ను మార్చి చేసిన 1965 షెల్బీ జీటీ350లో వాడారు. మలుపులో బయటి చక్రం పక్కకు వాలిపోకుండా రోడ్డును పట్టుకుంటుంది. అచ్చు పెట్టి గుర్తు వేసి డ్రిల్ చేయాలి, తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి. పాత కన్నాలు అలాగే ఉంటాయి కాబట్టి కావాలంటే వెనక్కి వెళ్లొచ్చు. డ్రిల్ చేసేముందు ఆ కన్నాలుండే షాక్ టవర్ల (ముందు స్ప్రింగుల చుట్టూ నిలబడే రేకు గోడలు) మీద పగుళ్లున్నాయేమో వైర్ బ్రష్ కొట్టి చూడండి.

ఫ్రీవేల మీద తిరగాలనుకుంటే 1980ల చివరి మస్టాంగ్‌లలో వచ్చిన టీ5 ఐదు గేర్ల బాక్స్ బాగా కుదురుతుంది. ఇంజన్ గోల తగ్గుతుంది. పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే కాంటాక్టులు) బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడితే, స్విచ్ నుంచి కాయిల్‌కి వచ్చే గులాబీ రంగు వైరు రెసిస్టర్ వైరని గుర్తుంచుకోండి. దాన్నుంచి కరెంటు ఇస్తే చాలా కిట్లకు వోల్టేజి చాలదు. హెడ్‌లైట్ల కరెంటంతా డాష్‌బోర్డ్ స్విచ్ గుండానే పోతుంది, రిలేలు పెడితే స్విచ్ వేడెక్కదు, వెలుతురూ పెరుగుతుంది. కారులో నడుముకు కట్టుకునే బెల్టులే ఉంటాయి. భుజం బెల్టులు పెట్టిస్తే వాటిని పట్టుకునే చోట లోపల బలమైన ప్లేటు వెల్డ్ చేయించండి, ఉత్త రేకుకు బిగించకండి.

చలికాలానికి మూసిపెట్టడం

మా వైపు నవంబర్‌కల్లా కారు లోపలికి వెళ్లాలి. ట్యాంకు నిండా పెట్రోల్ పోసి స్టెబిలైజర్ కలిపి, అది కార్బ్యురేటర్ దాకా చేరేలా కాసేపు నడపండి. ఆయిల్ మార్చండి, బ్యాటరీకి మెయింటెనర్ తగిలించండి. ఎలుకలు దూరకుండా సైలెన్సర్ గొట్టాల్లో స్టీల్ వూల్ కుక్కి, స్టీరింగ్‌కి ఎర్ర గుడ్డ కట్టండి, స్టార్ట్ చేసేముందు తీయాలని గుర్తుండటానికి. హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేస్తే లైనింగులు డ్రమ్ములకు పట్టేస్తాయి, చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టండి. ఏప్రిల్‌లో తీసినప్పుడు రోడ్డెక్కే ముందు మాస్టర్ సిలిండర్ మూత తెరిచి రెండు గదుల్లోనూ ఆయిల్ చూసి, పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా నొక్కి పట్టుకోండి. అది నెమ్మదిగా కిందికి జారుతుంటే ఆ రోజు కారును బయటికి తీయకండి.